ట్రాక్టరుకూ ట్రక్కుకూ నడుమ లంకె

కొల్లేటి గట్ల మీద చేపల మేత బస్తాలు చేరవేసే ట్రాక్టర్లను, తాడేపల్లిగూడెం మిల్లులకు ధాన్యం తోలే ట్రాక్టర్లను మనం నిత్యం చూస్తూనే ఉన్నాము. అశ్వశక్తి ఎంత, టైర్లు ఎటువంటివి అని పదిమందిని విచారించి ట్రాక్టరు కొనే రైతు, వెనుక ట్రక్కును తగిలించే లంకె విషయంలో అంతటి శ్రద్ధ చూపడం అరుదు. చేతికందిన బోల్టుతో సరిపెట్టుకొనడం కద్దు. టన్నుల కొలది బరువును లాగేది ఆ జానెడు ఇనుమే కనుక, దానిని ఎన్నుకొనే పద్ధతిని ఈ ప్రసంగంలో వివరించదలచాము.

ఎద్దుబండి తోలినవారికి ఇందలి శాస్త్రం కొత్తది కాదు. బస్తాలను ఇరుసుకు వెనుకగా పేర్చితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగుస్తాయి. మరీ ముందుకు పేర్చితే మెడలు కుంగుతాయి. అందుకే అనుభవజ్ఞుడు బరువును ఇరుసుకు కొద్దిగా ముందుకు మొగ్గేటట్లు సర్దుతాడు. రెండు చక్రాల ట్రక్కుకు కూడా ఇదే నియమం. దాని బరువులో కొంత భాగం ట్రాక్టరు డ్రాబారు మీద పడుతుంది. ఆ భాగం మితిమీరితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలికై, స్టీరింగు తిప్పినా బండి మలుపు తిరగదు. బరువు పూర్తిగా వెనుకకు పోతే ట్రక్కు లంకెను పైకి ఎత్తుతూ అటూ ఇటూ ఊగుతుంది. నాలుగు చక్రాల ట్రక్కు తన బరువును తానే మోసుకొంటుంది. దాని లంకెకు లాగుడు తప్ప మోత దాదాపు ఉండదు. కనుక మన ట్రక్కు ఏ తరగతిదో మొదట చూచుకొని, అంత లాగుడుకూ అంత మోతకూ ఆగే డ్రాబారును ఎంచుకోవలె.

రెండవది ఎత్తు. ట్రక్కును చదును నేల మీద నిలిపి, ఎప్పుడూ వేసే బరువు వేసి, దాని అడుగు నేలకు సమాంతరంగా ఉండేటట్లు దిమ్మలు పెట్టి, ముందున్న రింగు నేలకు ఎంత ఎత్తున ఉన్నదో కొలవవలె. డ్రాబారు ఎత్తునూ అట్లే కొలవవలె. రెంటికీ గల తేడాను బట్టి డ్రాబారును పైకి గాని క్రిందికి గాని అమర్చుకోవలె. ఖాళీ ట్రక్కును కొలిచితే లెక్క తప్పుతుంది. బరువు పడగానే స్ప్రింగులూ టైర్లూ దిగుతాయి.

ఎత్తు చాలలేదని లంకెను వెనుక ఇరుసుకు గాని, అంతకు పైన టాప్ లింకు తగిలించే చోటికి గాని ముడివేయడం ప్రాణాపాయం. చెరువు గర్భం నుండి గట్టు ఎక్కేటప్పుడు ట్రక్కు చక్రాలు నల్లరేగడి బురదలో దిగబడినవనుకొందాము. ట్రాక్టరు వెనుక చక్రాలు తిరుగక నిలిచిపోతాయి. ఇంజను బలం ఊరకుండక ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. లంకె క్రిందుగా ఉంటే ఆ లేవడానికి కొంత అడ్డు ఉంటుంది. పైన ఉంటే ఒకటి రెండు సెకన్లలో ట్రాక్టరు వెనుకకు తిరగబడుతుంది. నడిపేవానికి దూకే వ్యవధి ఉండదు. అటువంటి చోట దింపవలసినది బరువును. పెంచవలసినది ఇంజను వేగం కాదు.

పూర్వపు ట్రాక్టర్లు నాగలి రాతికి తట్టుకొన్నప్పుడు ఇట్లే తిరగబడి ఎందరినో పొట్టన పెట్టుకొన్నవి. ఐర్లండు దేశస్థుడైన హారీ ఫెర్గుసన్ రూపొందించి, 1939లో ఫోర్డు ట్రాక్టరుతో విరివిగా ప్రచారంలోకి తెచ్చిన మూడు కడ్డీల అమరిక ఈ ప్రమాదాన్ని చాలవరకు తప్పించింది. టాప్ లింకు ఆ అమరికలోనిదే. అది నాగలి వంటి పనిముట్ల కొరకు ఏర్పడినది; ట్రక్కును లాగడానికి కాదు.

మూడవది పిన్ను. అది రంధ్రానికి సరిపోయే లావు ఉండవలె. వదులైతే ప్రతి కుదుపుకూ సమ్మెట దెబ్బ తగిలినట్లు తగిలి, పిన్నూ రంధ్రమూ అరిగిపోతాయి. కొసన జారిపోకుండా క్లిప్పు తప్పనిసరి. ఇంటి కప్పుకు మిగిలిన ఊచముక్క పిన్ను కాజాలదు. పిన్ను విరిగినా ట్రక్కు విడిపోకుండా గట్టి గొలుసు కూడా ఉండవలె.

కార్లకు చిన్న ట్రైలర్లు తగిలించే దేశాలలో పిన్నుకు బదులు ఉక్కు బంతి వాడుతారు. ఐరోపాలో దాని వ్యాసం 50 మిల్లీమీటర్లు. అమెరికాలో ఒకటిం ముప్పాతిక పైన అరపాతిక, రెండు, రెండుంబాతిక పైన వీసం అంగుళాల బంతులు వాడుకలో ఉన్నవి. పెద్ద గిన్నె చిన్న బంతి మీద కూర్చున్నట్లే కనిపించి, గతుకు రాగానే ఎగిరి ఊడిపోతుంది. అక్కడ ఉన్న మనవారు బంతి మీద చెక్కిన అంకెను గిన్నె మీది అంకెతో సరిచూచుకోవలె.

బంతి అయినా, పిన్ను అయినా, డ్రాబారు అయినా ఒక్కొక్కటి ఎంత బరువుకు ఆగునో విడివిడిగా తెలుసుకొని, అన్నిటిలో తక్కువ దానినే మన హద్దుగా పెట్టుకోవలె. నాట్లకూ కోతలకూ కూలీలను ట్రక్కులో ఎక్కించే అలవాటు మన పల్లెలలో నేటికీ ఉన్నది. లంకె ఎంత మంచిదైనా ట్రక్కు సరుకుకే గాని మనుషులకు కాదు. దారి పట్టేముందు పిన్ను, క్లిప్పు, గొలుసు ఈ మూడింటినీ చేతితో తాకి చూడడానికి ఒక్క నిమిషం చాలును.