ఎలక్ట్రాన్ల దాత విటమిన్-సి

రసాయన శాస్త్రంలో ఆస్కార్బిక్ ఆమ్లంగా వ్యవహరించే విటమిన్-సి గ్లూకోజ్‌కు దగ్గరి బంధువు. ఆరు కార్బన్, ఎనిమిది హైడ్రోజన్, ఆరు ఆక్సిజన్ పరమాణువులతో ఏర్పడిన ఈ తెల్లని స్ఫటిక పదార్థం నీటిలో సులభంగా కరుగుతుంది, కొవ్వులో కరగదు. సేంద్రియ ఆమ్లాలలో సాధారణంగా ఉండే కార్బాక్సిల్ సముదాయం దీనిలో లేదు. అయినా ఇది ఆమ్లంగా ప్రవర్తించడానికి కారణం, దాని వలయంలో జంటబంధంతో కలిసిన రెండు కార్బన్లకు చెరొక హైడ్రాక్సిల్ సముదాయం, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జత, అంటిపెట్టుకొని ఉండటమే. ఈ అమరికనుంచి ఒక హైడ్రోజన్ అయాన్ తేలికగా విడిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ అమరిక ఇతర అణువులకు ఒకదాని తరవాత ఒకటిగా రెండు ఎలక్ట్రాన్లను ఇవ్వగలదు. శరీరంలో ఈ విటమిన్ నిర్వహించే పనులలో అత్యధికం, వంటింట్లో అది నశించిపోవడం కూడా, ఈ ఒక్క గుణంనుంచి పుట్టినవే.

మొదటి ఎలక్ట్రాన్‌ను ఇచ్చినప్పుడు ఏర్పడే రూపం ఒక స్వేచ్ఛా రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ మిగిలిన అణువు. ఇటువంటి అణువులు సాధారణంగా పక్కనున్న వాటినుంచి ఎలక్ట్రాన్లను లాక్కొని కణానికి హాని చేస్తాయి. ఇక్కడ మాత్రం ఆ ఒంటరి ఎలక్ట్రాన్ ఒకేచోట నిలవక అణువులో చాలా భాగానికి విస్తరించి ఉంటుంది కాబట్టి ఆ రాడికల్ పెద్దగా చురుకుదనం చూపదు. రెండో ఎలక్ట్రాన్ కూడా పోతే మిగిలేది డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లం. కణంలోని గ్లూటాథయోన్ వంటి పదార్థాలు దీన్ని తిరిగి మొదటి రూపానికి తేగలవు గాని, ఆలస్యమైతే వలయం నీటితో చర్య జరిపి తెరుచుకుంటుంది, ఆ తరవాత అది విటమిన్‌గా మళ్లీ పనికిరాదు.

ఎలక్ట్రాన్లను ఇచ్చే ఈ గుణం ప్రాణావసరంగా మారేది కొల్లాజెన్ తయారీలో. ఎముకలకు, చర్మానికి, చిగుళ్లకు, రక్తనాళాల గోడలకు దృఢత్వాన్నిచ్చే ఈ మాంసకృత్తు మూడు పేటలు పేనిన తాడులా ఉంటుంది. ఆ పేటలు విడిపోకుండా ఉండాలంటే వాటిలోని ప్రోలీన్ అనే అమైనో ఆమ్లానికి అనేక చోట్ల హైడ్రాక్సిల్ సముదాయం చేరాలి; అది చేరని కొల్లాజెన్ దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడివడుతుంది గనుక, 37 డిగ్రీలుండే మానవ శరీరంలో నిలవలేదు. ఆ సముదాయాన్ని చేర్చే ఎంజైమ్‌లో ఒక ఇనుము పరమాణువు ఉంటుంది. అది ఫెర్రస్ స్థితిలో, అంటే రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితిలో, ఉన్నంతవరకే ఎంజైమ్ పనిచేస్తుంది. అప్పుడప్పుడు అది మరొక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ఫెర్రిక్ స్థితికి జారిపోయినప్పుడు, పోయిన ఎలక్ట్రాన్‌ను సమకూర్చి దాన్ని మళ్లీ పనిలో పెట్టేది విటమిన్-సి.

స్కర్వీ వ్యాధి లక్షణాలన్నిటికీ కాకపోయినా చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. నెలల తరబడి ఈ విటమిన్ అందకపోతే చిగుళ్లు వాచి రక్తం కారుతుంది, పళ్లు కదులుతాయి, కేశనాళికలు చిట్లి చర్మం కింద మచ్చలు పడతాయి, ఎన్నడో మానిన గాయాలు సైతం మళ్లీ విచ్చుకుంటాయి. గాయపు మచ్చలోని కొల్లాజెన్ కూడా నిరంతరం పాతది పోయి కొత్తది రావలసినదే కావడం ఇందుకు కారణం. 1747లో బ్రిటిష్ నౌకావైద్యుడు జేమ్స్ లిండ్ 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు రకాల చికిత్సలు చేసినప్పుడు, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు.

నాడులలో సందేశాలను చేరవేసే నార్‌అడ్రినలిన్ తయారీకి తోడ్పడే ఎంజైమ్‌కు, దానిలోని రాగి పరమాణువుల కోసం, ఇదే విటమిన్ ఎలక్ట్రాన్లను అందిస్తుంది. అడ్రినల్ గ్రంథులలో అది సమృద్ధిగా ఉండటానికి ఇదొక కారణం; 1928లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బెర్ట్ సెంట్-జోర్జి దాన్ని వేరుచేసినది ఆ గ్రంథులనుంచే. అది విటమిన్-సి అని 1932లో తేలింది. దాని నిర్మాణాన్ని నిర్ధారించిన నార్మన్ హావర్త్‌కు రసాయన శాస్త్రంలో, సెంట్-జోర్జికి వైద్యశాస్త్రంలో 1937లో నోబెల్ బహుమతులు లభించాయి.

ఆవు, మేక, కుక్క వంటి జంతువులకు ఈ విటమిన్ ఆహారంలో అందవలసిన అవసరం లేదు. అవి దాన్ని గ్లూకోజ్‌నుంచి కాలేయంలో తయారుచేసుకుంటాయి. మనుషులలో, కోతులలో, గినీపందులలో ఆ తయారీలోని చివరి ఎంజైమ్‌కు చెందిన జన్యువు పరిణామక్రమంలో చెడిపోయింది. శిథిలమైన ఆ జన్యువు అవశేషాలు మనిషి క్రోమోజోములలో ఇప్పటికీ ఉన్నాయి.

ఎలక్ట్రాన్లను ఇవ్వడానికి ఇంత సిద్ధంగా ఉండే అణువు గాలిలోని ఆక్సిజన్‌కూ వాటిని ఇచ్చేసి నశిస్తుంది. వేడి, క్షారత, రాగి లేశాలు ఈ నాశనాన్ని వేగవంతం చేస్తాయి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళం మధ్యధరా ప్రాంతపు నిమ్మరసానికి బదులుగా విటమిన్ తక్కువగా ఉండే వెస్టిండీస్ నిమ్మజాతి రసాన్ని వాడటం మొదలుపెట్టింది. అది గాలికి, రాగికి తగిలి మరింత నిస్సారమైంది. 1875లో బయలుదేరిన బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ నేర్స్ ఆర్కిటిక్ యాత్రలో స్కర్వీ మళ్లీ తలెత్తింది. ఆకుకూరను తరిగి చాలాసేపు ఉంచినా, వంటసోడా వేసినా జరిగే నష్టం ఇటువంటిదే; ఉడికించిన నీటిని పారబోస్తే దానిలో కరిగిన విటమిన్ కూడా పోతుంది.

పులుపును బట్టి ఈ విటమిన్‌ను అంచనా వేయడం సరికాదు. చింతపండు పులుపు ప్రధానంగా టార్టారిక్ ఆమ్లానిది, దానిలో విటమిన్-సి స్వల్పం. తియ్యని జామపండులో మాత్రం 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు కావాలి కాబట్టి ఒక జామపండు చాలు. మాత్రల రూపంలో గ్రాముల కొద్దీ మింగినందువల్ల ప్రయోజనం తక్కువ: పేగులు గ్రహించే వాటా తగ్గుతుంది, మిగులు మూత్రంలో పోతుంది, కొందరిలో మూత్రపిండాలలో ఆక్సలేట్ రాళ్ల ముప్పు పెరుగుతుంది. క్రమం తప్పక తీసుకుంటే జలుబు కొద్దిగా త్వరగా తగ్గవచ్చు గాని, సాధారణ ప్రజలలో అది రాకుండా ఆగదని పరీక్షలు చూపాయి.

రక్తహీనత విస్తృతంగా ఉన్న తెలుగు నేలలో ఇంతకంటే విలువైన ఉపయోగం వేరే ఉంది. ఆకుకూరలలో, రాగులలో, పప్పులలో ఉండే ఇనుమును పేగులు సరిగా పీల్చుకోలేవు. అదే భోజనంలో నిమ్మరసమో, ఉసిరో, భోజనం వెంటనే ఒక జామపండో ఉంటే, విటమిన్-సి ఆ ఇనుమును పేగులు గ్రహించగల ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది. తాజా పండ్లు దొరకని చోట మొలకెత్తిన పెసలు కొంతవరకు ఈ లోటు తీరుస్తాయి, ఎందుకంటే ఎండు గింజలో దాదాపు లేని ఈ విటమిన్‌ను మొలక తానే కొత్తగా తయారుచేసుకుంటుంది.