జాబ్ మారుతున్నారా? పాత పీఎఫ్ తీసేముందు ఇది చూడండి

రిటైర్మెంట్ అనే మాట వినగానే మనలో చాలామంది వీడియో స్కిప్ చేసేస్తాం. "అది మా నాన్న టాపిక్, నాకింకా పాతికేళ్లే కదా" అనుకుంటాం. కానీ రిటైర్మెంట్‌కి సంబంధించిన ఒక పెద్ద నిర్ణయం మనం పాతికేళ్లకే తీసేసుకుంటున్నాం. అదీ ఫోన్‌లో, కొన్ని నిమిషాల్లో. మొదటి జాబ్ మానేసి రెండో జాబ్‌లో చేరాక "పాత పీఎఫ్ తీసేసుకుందాం, ఏదో ఒక ఖర్చుకి వస్తుంది" అనుకుంటాం చూడండి, అదే ఆ నిర్ణయం.

ముందు శాలరీ స్లిప్ ఓపెన్ చేద్దాం. బేసిక్, డీఏ మీద 12 శాతం మన జీతంలోంచి పీఎఫ్‌కి కట్ అవుతుంది. కంపెనీ ఇంకో 12 శాతం వేస్తుంది. కంపెనీ వేసే దాంట్లో 8.33 శాతం పెన్షన్ స్కీమ్‌కి పోతుంది. దీనికి 15,000 జీతం లిమిట్ ఉంది కాబట్టి మామూలుగా నెలకు 1,250 రూపాయలు దాటదు. మిగతాది పీఎఫ్‌లో పడుతుంది. ఇక్కడో ముఖ్యమైన విషయం. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే మీ బేసిక్ 15,000 దాటి ఉంటే మీకు ఈ పెన్షన్ స్కీమ్ ఉండదు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌కే వస్తుంది.

అంటే చాలామందికి ఇందులో రెండు ఉన్నాయి. ఒకటి పీఎఫ్ డబ్బు. రెండోది పెన్షన్ కోసం లెక్కపెట్టే సర్వీసు ఏళ్లు. మొదటిది పోతే కనిపిస్తుంది. రెండోది పోయినా మనకి తెలియదు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. మీ పాత పీఎఫ్‌లో 2 లక్షలు ఉన్నాయనుకోండి. 2024-25కి వడ్డీ 8.25 శాతం. ఇదే రేటు 30 ఏళ్లూ ఉంటుందని గ్యారంటీ లేదు, లెక్క కోసం ఉందనుకుందాం. ఇంకో రూపాయి వేయకపోయినా ఆ 2 లక్షలు సుమారు 21.5 లక్షలవుతాయి. వినడానికి భలే ఉంది కదా? కానీ ధరలు ఏటా 6 శాతం పెరిగితే, అప్పటి 21.5 లక్షలకి ఇప్పటి విలువ 3.75 లక్షలే. కాబట్టి పీఎఫ్ ఒక్కటే మనల్ని కాపాడేస్తుందని నేను చెప్పను. ధరలతో పాటు పరిగెత్తి, కాస్త ముందుండే డబ్బు ఇది. దాన్ని మధ్యలో ఆపేస్తే ఆ పరుగు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

తర్వాత టాక్స్. మొత్తం సర్వీసు అయిదేళ్లు నిండకుండా తీస్తే మామూలుగా టాక్స్ పడుతుంది. 50,000 దాటితే, పాన్ ఇచ్చి ఉన్నా 10 శాతం టీడీఎస్ ముందే కోస్తారు. అదే ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత కంపెనీలో చేసిన ఏళ్లు కూడా ఆ అయిదేళ్లలో కలుస్తాయి.

ఇప్పుడు పెన్షన్. కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్ల నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. లెక్క సింపుల్: పెన్షన్‌కి లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి.

ఇది మా ఇంట్లోనే చూశాను. మా నాన్న స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేశారు. మూడు మిల్లులు, 8, 7, 6 ఏళ్లు, మొత్తం 21 ఏళ్లు. మానేసిన ప్రతిసారీ పీఎఫ్, పెన్షన్ డబ్బు రెండూ తీసేశారు. ఒకసారి ఇంటి స్లాబుకి, ఒకసారి అక్క పెళ్లికి, చివరిసారి నా బీటెక్ ఫీజుకి. ఒక్క చోటా పదేళ్లు నిండలేదు, పాత సర్వీసు కలవలేదు. అందుకే పెన్షన్ సున్నా. ఆ 21 ఏళ్లు కలిసి ఉండి, జీతం 10,000 అనుకుంటే నెలకు 3,000 వచ్చేది. ఇప్పుడు ఇంట్లో బీపీ, షుగర్ మందులకి దాదాపు అంతే అవుతోంది. ఆయన్ని తప్పుపట్టను. ఆ రోజు ఇంకో దారి లేదు, ఇలా ఉంటుందని చెప్పినవాళ్లూ లేరు. మనకి అయితే ఫోన్‌లోనే అన్నీ ఉన్నాయి.

మరి అస్సలు తీయకూడదా? హాస్పిటల్ లాంటి అవసరం వస్తే అకౌంట్ క్లోజ్ చేయకుండానే అడ్వాన్స్ తీసుకోవచ్చు. డబ్బు కొంత తగ్గుతుంది గానీ సర్వీసు పోదు. జాబ్ పోయినవాళ్లు మొత్తం తీయడానికి ఆగాల్సిన గడువుని 2 నెలల నుంచి 12 నెలలకి పెంచాలని 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. కాబట్టి క్లెయిమ్ పెట్టేముందు అప్పటికి ఉన్న రూల్ ఒకసారి చూసుకోండి.

జాబ్ మారేటప్పుడు చేయాల్సినవి ఇవీ:

1. కొత్త హెచ్ఆర్‌కి మీ పాత యూఏఎన్ ఇవ్వండి. 12 అంకెల నంబర్ అది, జీవితమంతా ఒక్కటే ఉండాలి.

2. పాత కంపెనీ మీ డేట్ ఆఫ్ ఎగ్జిట్ ఎక్కించిందా చూడండి. ఎక్కించకపోతే, ఆఖరి నెల పీఎఫ్ పడిన రెండు నెలల తర్వాత మీరే అప్‌డేట్ చేసుకోవచ్చు.

3. పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ అయిందా, సర్వీస్ హిస్టరీలో రెండు కంపెనీలూ ఉన్నాయా చూడండి. ట్రాన్స్‌ఫర్ తర్వాత పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్ సున్నా చూపిస్తే కంగారుపడకండి. పెన్షన్‌కి అక్కడ కనిపించే బ్యాలెన్స్ కాదు, సర్వీసు ఏళ్లే ముఖ్యం.

4. నామినీ పేరు చూడండి. పెళ్లయితే కొత్తగా నామినేషన్ ఇవ్వాలి.

ఈ రాత్రి రీల్స్ చూసే టైమ్‌లో ఒక పది నిమిషాలు తీసి సర్వీస్ హిస్టరీ ఓపెన్ చేయండి. ఇంట్లో అన్నయ్యో వదినో జాబ్ మారుతుంటే వాళ్ల చేత కూడా ఓపెన్ చేయించండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎన్‌పీఎస్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా బై, టేక్ కేర్!