బొమ్మ పిల్లలది, అద్దం పెద్దలది

మూసీనది దక్షిణపు గట్టున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లలు పరుగున పోయి చేరే చోటు సంగీత గడియారం. గంట గంటకూ గడ్డపు బొమ్మ ఒకటి లోపలినుండి వచ్చి, గంట కొట్టి, మరల లోపలికి పోతుంది. ఆ క్షణకాలపు వింత కొరకు పిల్లలు ముందుగానే వచ్చి కనిపెట్టుకొని కూర్చుంటారు. పెద్దలు నిలిచిపోయే చోటు మరొకటి. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో ఒకే మ్రాను నుండి చెక్కిన నిలువెత్తు కొయ్యబొమ్మ అది. ఎదుటనుండి చూస్తే అతడు మెఫిస్టోఫిలీస్. గేటే మహాకవి ‘ఫౌస్ట్’ నాటకంలో పండితుని ఆత్మకు బేరమాడిన పిశాచం. వెనుక నిలిపిన అద్దంలో చూస్తే ఆమె మార్గరెట్టా. ఆ బేరంలో బ్రతుకు నలిగిపోయిన కన్య, ప్రార్థనా పుస్తకం చేతబట్టి తలవంచుకొని నిలిచి ఉంటుంది.

ఆ శిల్పంలో ఏ రూపమూ అబద్ధం కాదు. ఏ రూపమూ మరొకదానిని మ్రింగివేయదు. మ్రాను ఒకటే, చూచే తావు వేరు. ఇంటిల్లిపాదీ కలిసి చూడదగినవని పేరుపడిన యానిమేషన్ చిత్రాలను గురించి చెప్పవలసిన మొదటి మాట కూడ ఇదే. పిల్లవాడు తెరమీద జింకపిల్లను చూస్తాడు, చేపను చూస్తాడు, సింహాన్ని చూస్తాడు. ప్రక్కన కూర్చున్న తండ్రికి అదే తెరమీద తన భయం, తన అపరాధభావం, తన తల్లి మరణం కనిపిస్తాయి. “పిల్లల బొమ్మలే కదా” అని లేచిపోయే పెద్దలు ఆ అద్దం వంక చూడకుండా వెళ్ళిపోయినవారే అవుతారు.

కొత్త విద్య కాదు

ఈ రెండు రూపుల విద్య పడమటి దేశాలవారు మనకు నేర్పినది కాదు. తెల్లవార్లూ సాగే మన తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుస్తూ ఉండగా నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క దిగుతారు. వారి కొట్లాట చూచి పిల్లలు విరగబడి నవ్వుతారు. మాటలలోని శ్లేష మాత్రం పెద్దలకే తగులుతుంది. ఆలుమగల నడుమ తీరని కొరతలు, ముదిమి మీద పడినా చావని ఆశలు ఆ హాస్యం మాటున బయటకు వస్తాయి. ఒకే దీపం, ఒకే తెర, రెండు నవ్వులు.

1853లో వెలువడిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ను తరతరాల తెలుగు పిల్లలు పాఠంగా చదివినారు. అందలి మిత్రభేదంలో సింహమున్నది, ఎద్దున్నది, నక్కలున్నవి. పిల్లవానికి అది జంతువుల కథ. కొలువులో ఉద్యోగం చేసి ఇల్లు చేరిన పెద్దకు మాత్రం అది తాను చూచిన కథ. చెవిలో పడిన ఒక్క మాట ప్రాణస్నేహాన్ని ఎట్లా చంపుతుందో, అనుమానం మొలిచిన మనసుకు మిత్రుని మౌనం కూడ నేరంగా ఎట్లా కనిపిస్తుందో అందులో ఉన్నది.

పాతబస్తీ ఉర్దూ ఇండ్లలో ‘అలిఫ్ లైలా’ అనబడే వేయిన్నొక్క రాత్రుల కథలదీ ఇదే తీరు. పిల్లలకు దక్కేవి ఎగిరే గుర్రాలు, జిన్నులు, అద్భుత దీపం. ఆ కథలన్నిటినీ మోస్తున్న అసలు కథను పెద్దలు పిల్లలకు సాధారణంగా చెప్పరు. భార్య ద్రోహంతో మనసు విరిగిన రాజు, రాత్రికొక కన్యను పెండ్లాడి తెల్లవారగానే చంపిస్తూ ఉంటాడు. షహర్జాద్ కథ మీద కథ చెప్పి అతని చేతిని ఆపుతుంది. రోగి అయిన ఒక మనసుకు కథలతో జరిగిన చికిత్స అది. ఆ రాత్రుల నుండే లోటె రైనిగర్ అనే జర్మను వనిత 1926లో ‘రాకుమారుడు అహమ్మద్ సాహసాలు’ అనే చిత్రం నిర్మించినది. కత్తిరించిన నల్లని బొమ్మలను దీపకాంతిలో అంగుళమంగుళం కదుపుతూ తీసిన ఆ ఛాయాచిత్రం, నేటికి నిలిచి ఉన్న నిడివిగల యానిమేషన్ చిత్రాలలో మొట్టమొదటిది. మన తోలుబొమ్మకు అది దూరపు చుట్టమనవచ్చును.

సవతితల్లి ఎవరు?

వాల్ట్ డిస్నీ తొలి నిడివి చిత్రం ‘స్నో వైట్’ 1937లో విడుదలైనది. దానికి మూలం గ్రిమ్ సోదరులు సేకరించిన జర్మను కథ. 1812 నాటి మొదటి కూర్పులో ఆ బాలికను చంపజూచినది సవతితల్లి కాదు, కన్నతల్లే. 1819 నాటి కూర్పులో గ్రిమ్ సోదరులు కన్నతల్లిని ముందుగానే చనిపోనిచ్చి, ఆమె స్థానంలో సవతితల్లిని తెచ్చిపెట్టినారు. కన్నతల్లి కూడ ఒకప్పుడు బిడ్డమీద కోపిస్తుంది, విసుగుతుంది, ఎదిగిన కూతురి సౌందర్యం చూచి తన వయసును తలచుకొని నిట్టూరుస్తుంది. ఈ సత్యం పిల్లలకు భరింపరానిదని ఎంచి ఆ భారాన్ని సవతితల్లి నెత్తిన పెట్టినారు. మనస్తత్వవేత్త బ్రూనో బెటల్‌హైమ్ 1976లో ప్రకటించిన గ్రంథంలో ఈ ఏర్పాటులో పిల్లలకు మేలే కనిపెట్టినాడు. మంచి అమ్మను మనసులో చెరగకుండా నిలుపుకొని, కోపించే అమ్మను వేరొక వ్యక్తిగా భావించి పసివాడు ఊరట పొందుతాడని ఆయన భావం.

చిత్రంలోని రాణి నడచిన దారి మరింత విచిత్రమైనది. లోకంలో తానే సౌందర్యవతిగా ఉండవలెనన్న ఆశతో ఆమె తన చేతులారా మందు త్రాగి ముడుతలు పడిన ముదుసలి అవుతుంది. ఏ ముసలితనానికి వెరచినదో దానినే ముందుగా తెచ్చుకొన్నది. పిల్లలకది భయపెట్టే మంత్రగత్తె వేషం. తల నెరిసిన వెంట్రుకను అద్దంలో మొదటిసారి చూచుకొన్నవారికి అది వేషం కాదు.

అయితే ప్రతి చిత్రంలోను రహస్యాలు త్రవ్వేవారి మాటలన్నీ నమ్మదగినవి కావు. డిస్నీ తల్లి 1938లో, కుమారులు కొనియిచ్చిన ఇంటిలోనే, పొయ్యినుండి వెలువడిన విషవాయువు వలన మరణించినది. ఆ దుఃఖమే ఆయన చిత్రాలలో తల్లులు లేకపోవుటకు కారణమని తరచు చెబుతారు. కాని తల్లిలేని బాలిక కథ అయిన ‘స్నో వైట్’ అంతకు ముందు సంవత్సరమే తెర కెక్కినది. తల్లిని పోగొట్టుకొన్న బిడ్డ ఏ దేశపు జానపద కథకైనా పాత కథానాయకుడే. తెరమీద ఉన్నదానిని చూచుట వేరు, లేనిదానిని అంటగట్టుట వేరు.

తుపాకీ మ్రోత

1942లో వచ్చిన ‘బాంబి’ చిత్రంలో జింకపిల్ల తల్లి వేటగాని తుపాకీకి బలి అవుతుంది. ఆమె పడిపోవుటను తెరమీద చూపరు. మ్రోత వినబడుతుంది, మంచు కురుస్తూ ఉంటుంది, పిల్ల పిలుస్తూ వెతుకుతుంది. వియన్నా నగరపు యూదు రచయిత ఫీలిక్స్ సాల్టెన్ 1923లో వ్రాసిన మూలగ్రంథం పెద్దలకై వ్రాసినది; తరువాత నాజీలు దానిని నిషేధించినారు. వేటాడబడేవారి బ్రతుకును ఎరిగిన మనిషి చేతివ్రాత దానిలో కనబడుతుంది.

ఈ దృశ్యం దగ్గర మన ఇండ్ల సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. ఇంటిలో ఎవరైనా పోయినప్పుడు పిల్లలతో, “నాయనమ్మ ఊరికి పోయినది, వస్తుంది” అంటారు. ప్రేమతోనే అంటారు. కాని ఆ పసివాడు రోజుల తరబడి వాకిట కూర్చుంటాడు. చెప్పకుండ పోయినందుకు నాయనమ్మ మీద అలుగుతాడు. ఆపైన, తన అల్లరి వలననే ఆమె రాకపోయినదేమో అని లోలోపల కుమిలిపోతాడు. పాతబస్తీ ఇరుకు ఇండ్లలో మూడు తరాలవారు ఒకే గదిలో కూర్చుండి ఒకే టెలివిజన్ చూస్తారు. అక్కడ ‘బాంబి’ వచ్చి, “వాళ్ళమ్మ చచ్చిపోయిందా?” అని పిల్లవాడు అడిగిన నిమిషమే పెద్దలకు అసలు పరీక్ష.

1994 నాటి ‘లయన్ కింగ్’ ఆ కుమిలిపోవుటనే కథావస్తువుగా గ్రహించినది. తండ్రి మరణానికి కారణం నీవేనని పినతండ్రి సింహపుపిల్ల చెవిలో చెప్పి అడవి దాటిస్తాడు. మిత్రభేదంలోని దమనకుడు ఇక్కడ రాజబంధువై వచ్చినాడు. చింత విడిచి పాటలు పాడుకొనే కొత్త స్నేహితుల నడుమ ఆ పిల్ల పెరిగి పెద్దదవుతుంది. పిల్లలకు ఆ పాటలు వినోదం. గతాన్ని తలుచుకోకుండుటకై నవ్వుతూ తిరిగే మనిషి ఎంత బరువు మోస్తూ ఉంటాడో పెద్దలకు తెలుసును.

2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’లో చిక్కు తండ్రిది. ఒక్క పూటలో భార్యను, ఒకటి తప్ప గ్రుడ్లన్నిటినీ పోగొట్టుకొన్న చేప అది. మిగిలిన ఒక్క బిడ్డను కంటికి రెప్పవలె కాచుకొనబోయి, వాని రెక్కలే కట్టివేస్తాడు. బిడ్డ తప్పిపోవుట వెనుక సముద్రపు క్రౌర్యం కొంత, తండ్రి భయం కొంత ఉన్నవి.

రెండు చిత్రాలు, ఒకే టిక్కెట్టు

జపాను దేశంలో 1988 ఏప్రిల్ 16న ఒకే స్టూడియో రెండు చిత్రాలను జంటగా విడుదల చేసినది. మొదటిది మియాజాకి ‘టొటొరొ’. పల్లెకు వచ్చిన ఇరువురు బాలికలు అడవిలో బొద్దు దేవతను చూస్తారు. ఆ వింత వెనుక నున్నది ఆసుపత్రిలో ఉన్న తల్లి. తిరిగి వస్తుందో రాదో అన్న భయం. మియాజాకి తల్లి కూడ ఆయన బాల్యంలో క్షయవ్యాధితో ఏండ్ల తరబడి మంచాన ఉన్నది. రెండవది తకహాటా తీసిన ‘మిణుగురుల సమాధి’. యుద్ధకాలపు ఆకలిలో చెల్లెలిని బ్రతికించుకొనలేకపోయిన అన్న కథ. మూలకథను 1967లో వ్రాసిన నొసాకా తన చెల్లెలిని 1945లో అట్లే పోగొట్టుకొన్నాడు. ఆ అపరాధభావం తీరక వ్రాసినాడు. ఒకే ఆటలో పిల్లలు ఈ రెండింటినీ చూచినారు. మొదటి దానిలో ఊహ భయాన్ని కప్పినది. రెండవ దానిలో కప్పుటకు ఏమియు మిగలలేదు.

2015 నాటి ‘ఇన్‌సైడ్ అవుట్’ ఈ విషయాన్ని మరుగు లేకుండా తెరమీదికే తెచ్చినది. ఊరు మారిన పదకొండేండ్ల బాలిక మనసులో ఆనందం, విషాదం, భయం, కోపం, ఏవగింపు అనే ఐదు పాత్రలు పనిచేస్తూ ఉంటవి. పాల్ ఎక్‌మన్, డాకర్ కెల్ట్‌నర్ అను మనస్తత్వ పండితుల సలహా తీసికొని దీనిని నిర్మించినారు. నవ్వుతూ ఉండుమని తల్లి కోరుతుంది. ఆనందం విషాదాన్ని ఒక మూలకు నెట్టి గీత గీస్తుంది. చివరకు ఆ బాలికను తల్లిదండ్రుల ఒడికి చేర్చినది విషాదమే. ఏడ్చిన బిడ్డను “ఛీ, ఏడవకు” అని కసరుకొనే ప్రతి ఇంటికి ఈ కథ సమాధానం చెబుతున్నది.

మన నగరంలో

ఈ విద్యకు హైదరాబాదు పరాయి ఊరు కాదు. 1995 నుండి 2017 వరకు అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం, ‘బంగారు ఏనుగు’ పేరుతో, రెండేండ్ల కొకసారి ఇక్కడ జరిగినది. 2001లో ఇక్కడ నెలకొన్న గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుండి ‘ఛోటా భీమ్’ను దేశమంతటా పంపినది. లడ్డూ తిని బలం పుంజుకొనే ఆ బాలుని, వానిని చూచి ఓర్వలేని కాలియాను చూచి పిల్లలు నవ్వుతారు. ఆదిపర్వం చదివినవారికి మాత్రం మరొక భీముడు జ్ఞప్తికి వస్తాడు. ఆటలలో భీముని బలం చూచి ఓర్వలేక దుర్యోధనుడు అన్నంలో విషం పెట్టినాడు. పిల్లల ఆటలో మొలిచిన అసూయ కురుక్షేత్రం వరకు పెరిగినది. మనవారు చిన్ననాటి కోపాన్ని చిన్నదిగా ఎన్నడూ ఎంచలేదు.

2012లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’ పూర్తిగా యానిమేషన్ చిత్రం కాదు. కాని అందులోని పెద్దపులి చాలావరకు కంప్యూటరు మీద రూపు దిద్దుకొన్నది. ఆ పనిలో రిథమ్ అండ్ హ్యూస్ సంస్థవారి హైదరాబాదు కళాకారులకు కూడ భాగమున్నది. నడిసముద్రంలో పులితో ఒకే పడవలో మిగిలిన బాలుడు చివరకు మరొక కథ చెబుతాడు. అందులో జంతువులు లేవు. ఆకలికి ఓర్వలేక మనుషులు మనుషులకు చేసిన ఘోరమే ఉన్నది. పులి ఎవరో అప్పుడు తెలుస్తుంది. పిల్లలు పులి కథనే ఇంటికి తీసికొనిపోతారు. పెద్దలలో కూడ చాలమంది దానినే కోరుకొంటారు. అంతమాత్రాన వారు మోసపోయినట్లు కాదు. చెప్పలేని దానిని చెప్పుటకు ఆ బాలునికి పులి కావలసి వచ్చినది.

కథలో మృగం చేసే పని ఇదే. జింక చనిపోతే పిల్లవాడు ధైర్యంగా ఏడువగలడు. సింహపుపిల్ల నేరం తనది కాదని తెలిసినప్పుడు, తన నేరం కూడ తనది కాదేమో అని అనుకొనగలడు. అందుచేత ఆ దృశ్యాలను దాటవేయించుట వలన మేలు లేదు. బొమ్మ వెనుక ఉన్న అర్థమంతా అప్పటికప్పుడు విప్పి చెప్పుట వలననూ మేలు లేదు. వయసు వచ్చినప్పుడు అద్దం వంక వాడే తిరుగుతాడు. అంతవరకు పెద్దలు చేయవలసిన పని చిన్నది, కాని కష్టమైనది: పని ఉన్నదని లేచిపోకుండ ప్రక్కన కూర్చుండుట, “చచ్చిపోయిందా?” అని బిడ్డ అడిగినప్పుడు “ఔను” అని చెప్పుట, ఆ తరువాత బిడ్డ చేయి పట్టుకొని మిగిలిన చిత్రం చూచుట.