కొరివి దెయ్యం చేతిలో మంట ఎవరిది?

పదిహేను, పదహారేళ్ల పిల్లల కోసం దెయ్యాల నవల రాయమంటే ఇవాళ ముందు గుర్తొచ్చేది నెత్తురు తాగే తెల్లదొర. అమెరికాలో ‘ట్వైలైట్’ (2005) వచ్చాక ఆ దొర మన పుస్తకాల షాపుల్లోకీ దిగాడు. తెలుగులో అంతకు ముందే, 1980ల్లో, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’, ‘కాష్మోరా’లతో క్షుద్రశక్తులు ఇంటింటికీ చేరాయి. ఈ రెండు దారుల్లోనూ వాడ పిల్ల కథానాయిక కాలేదు.

మూడో దారికి మేం ఎంచుకున్న జీవి కొరివి దెయ్యం. నవలల్లో అరుదుగానీ, ఊళ్లల్లో పాత తరానికి బాగా ఎరుకే. చెరువు కింద పొలాల్లో, అమావాస్య చీకట్లో ఒక మంట నడుస్తూ పోతుంది. దగ్గరికి పోతే ఉండదు, ఇంకో గట్టు మీద తేలుతుంది. బురదలో కుళ్లిన ఆకూ అలములోంచి వచ్చే వాయువుల వెలుగని సైన్సు పుస్తకం చెబుతుంది. సరే. నవల రాసేవాళ్లు అడగాల్సింది వేరే ఉంది: ఆ మంటని ఎవరు, ఎక్కణ్నుంచి చూస్తున్నారు?

మిద్దె మీద పడుకున్నవాడికి అది దెయ్యం. కానీ ఆ రాత్రి చెరువు కింద నిజంగా తిరిగేదెవరు? నీరటికాడు. తెలంగాణలో చాలా ఊళ్లల్లో ఆ పని మాలలది. తూము ఎత్తాలి, దించాలి, చివరి మడిదాకా నీళ్లు పారించాలి, వానాకాలం కట్టకి గండి పడకుండా కాపలా కాయాలి. ఇంకోపక్క వెట్టి: ఊరి నుంచి ఊరికి కబురు మొయ్యాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. చీకట్లో నడిచే మనిషి చేతిలో వెలుగు లేకుండా ఎట్లా? దూరం నుంచి చూసినోడు దానికి దెయ్యమని పేరు పెట్టాడేమో. ఇది చరిత్ర అనడం లేదు, నవలకి పనికొచ్చే ఊహ అంటున్నాం. ఇంకో మాట. కొరివి చితికి పెట్టేది. వాడల్లో ఎక్కువగా పూడ్చిపెట్టడమే. చితి పేర్చడం, కాటి కాపలా మనకి, కాలడం వాళ్లకి. మరి కొరివి పట్టుకు తిరిగే దెయ్యం ఏ కులందై ఉండాలి?

ఇట్లా తిప్పి చూడడం కొత్తేం కాదు. నల్లజాతి రచయిత్రి బెథనీ మారో ‘ఎ సాంగ్ బిలో వాటర్’ (2020)లో గొంతుతో మనుషుల్ని లొంగదీసే సైరన్లు నల్ల ఆడపిల్లలే. గ్రీకు కథలో జీవి, అమెరికా వీధిలో నోరెత్తడానికి భయపడే పిల్ల అయింది.

మన నవలలో పిల్లకి పదహారేళ్లు. నీరటికాడైన తాత చనిపోయాడు. మంట ఆమె దగ్గరికి పోయినా ఆరిపోదు. నియమాలు ముందే కట్టుకోవాలి: అది మాట్లాడదు, మత్తడి దాటదు, ప్రతి రాత్రీ ఒకే గట్టు మీద ఆగుతుంది. నియమం తప్పితే పిల్లలే ముందు పట్టేస్తారు. ఆ గట్టు ఒకప్పటి నీరటి మాన్యం హద్దు. చాకిరీకి బదులిచ్చిన ఆ భూమి ఎవరి పట్టాలో కలిసింది? పట్టాదారు మనవడు ఆమె క్లాసుమేటే, స్నేహితుడే. ప్రేమ ఉంటే ఇక్కడే ఉండాలి, నొప్పి కూడా ఇక్కడే. పగ తీర్చుకునే దెయ్యం సులువు. లెక్క అడిగే దెయ్యాన్ని రాయడమే కష్టం.

మాకొక భయం ఉంది. బాణామతి, చేతబడి అనుమానంతో మన ఊళ్లల్లో మనుషుల్ని కొట్టారు, పళ్లు రాలగొట్టారు, చంపారు. అందుకే ఈ నవలలో దెయ్యం ఉండొచ్చు, మంత్రగత్తె మాత్రం వద్దు. బతికున్న ఏ మనిషీ ఆ మంటని ఆడించకూడదు. అట్లాగే కారంచేడు (1985), చుండూరు (1991) మృతుల్ని దెయ్యాలు చెయ్యొద్దు. చుండూరు కేసులో పడిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. వాళ్లకోసం అడగాల్సింది న్యాయం. కథలో వణుకు పుట్టించడానికి వాళ్లని వాడుకోవడం తప్పు.

భాష వాడదే ఉండాలి; తూము, మత్తడి, మాన్యం అర్థాలు కింద ఇవ్వక్కర్లేదు, కథే చెబుతుంది. మొదటి అధ్యాయం మిద్దె మీంచి కాకుండా కట్ట మీంచి మొదలవ్వాలి. రాయబోయే ముందు నీరటి పని చేసిన ముసలివాళ్ల దగ్గర కూచోండి. రాత్రుళ్లు కట్ట మీద వాళ్లు దేనికి భయపడేవాళ్లో అడగండి: దెయ్యానికా, పటేలుకా?