మీకు తెలుసా? నంబరున్నా వరుస తప్పదు!

అమెరికా విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ త్వరగా ముగిసేందుకు డబ్బు కట్టి తీసుకున్న 'టీఎస్ఏ ప్రీచెక్' సభ్యత్వం, మీరెక్కే విమాన సంస్థ ఆ పథకంలో లేకపోతే ఆ ప్రయాణానికి పనిచేయదు. సంస్థ ఉన్నా, బోర్డింగ్ పాసు మీద ఆ గుర్తు అచ్చు కాకపోతే మామూలు వరుసే.

టికెట్ కొన్న ప్రతిసారీ, సభ్యత్వంతో వచ్చిన 'నోన్ ట్రావెలర్ నంబరు' ఇవ్వాలి. పేరు నమోదులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా రాసే మనవాళ్లకు చిక్కంతా ఇక్కడే!

అమెరికాలో దిగేటప్పుడు తనిఖీ త్వరగా ముగించే 'గ్లోబల్ ఎంట్రీ'లో భారత పౌరులకూ 2017 నుంచి చేరే వీలుంది. ప్రీచెక్ అందులో కలిసే వస్తుంది. రుసుము 120 డాలర్లు, గడువు అయిదేళ్లు. అయితే ఏడు శనివారాల మొక్కుకు వాడపల్లి వెంకన్న దగ్గరికొచ్చి, తిరిగి హైదరాబాద్‌లో విమానమెక్కేటప్పుడు ఆ ప్రీచెక్ ఇక్కడ చెల్లదు.

మన 'డిజియాత్ర' దారి వేరు. 2022 డిసెంబరు 1న మొదలై, 2023లో గన్నవరానికీ, 2024 సెప్టెంబరులో విశాఖకూ వచ్చింది. దేశీయ ప్రయాణాల్లో ముఖమే గుర్తింపు కార్డు. ఒంటి తనిఖీ, సంచుల స్కానింగ్ మాత్రం అందరితో పాటే.