ఇంటర్నెట్టు వేగానికి గండి ఎక్కడ?

మన ఇళ్ళలో ఇంటర్నెట్టు ఈనాడు విలాస వస్తువుగా లేదు. హజ్ దరఖాస్తు దాని మీదనే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు కోసం దరఖాస్తు దాని మీదనే. కువైట్‌లో ఉన్న కొడుకు ముఖం తల్లికి కనబడేది కూడా దాని మీదనే. కనుక అది నెమ్మదించిన రోజు ఇల్లంతా చిరాకు పడుతుంది. ఆ చిరాకులో సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. కేబుల్ ఆపరేటరును నలుగురిలో నిందిస్తాము, లేదా నెలకు మరో రెండు మూడు వందలు ఎక్కువ చెల్లించి పెద్ద ప్లాను తీసుకుంటాము. ఈ రెండింటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. అది కొలవడం. నిర్ధారించుకోకుండా ఒకరి మీద నింద మోపడం మన ధర్మం సమ్మతించేది కాదని వేరుగా చెప్పనవసరం లేదు. నిర్ధారించుకోకుండా డబ్బు చెల్లించడం కూడా వివేకమనిపించుకోదు.

వేంపల్లె వైపు వెళ్ళి గండిని చూసినవారికి ఈ విషయం సులువుగా బోధపడుతుంది. అక్కడ పాపఘ్ని నది రెండు కొండల నడుమ ఇరుకు దారిలో సాగుతుంది. ఎగువన ఎంత నీరున్నా ఆ సందు ఎంత వదిలితే దిగువకు అంతే చేరుతుంది. జమ్మలమడుగు దగ్గర పెన్నానది గండికోట లోయలో సాగే తీరు కూడా అదే. ఇంటర్నెట్టు దారిలోనూ ఇలాంటి ఇరుకులు అనేకం. చేతిలోని ఫోను నుండి రౌటరు వరకు గాలిలో ఒక దారి, రౌటరు నుండి వీధి స్తంభం వరకు గాజు తీగ, అక్కడి నుండి ఊరి ఆపరేటరు గది, ఆపైన మహానగరాలు, అవసరమైతే సముద్రం అడుగున పరచిన కేబుళ్ళు. వీటన్నిటిలో ఏది అతి ఇరుకో అదే మన వేగాన్ని నిర్ణయిస్తుంది. మన ఇంట్లోనే ఇరుకు ఉన్నప్పుడు ప్లాను పెంచడమంటే గండిని అలాగే ఉంచి ఎగువన మరిన్ని నీళ్ళు పోయడమే.

కొలిచే ముందు కొలమానం తెలియాలి. ప్లాను మీద రాసి ఉండేది సెకనుకు మెగాబిట్లు. ఫైలు పరిమాణం రాసి ఉండేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 40 మెగాబిట్ల ప్లానులో సెకనుకు 5 మెగాబైట్లకు మించి దిగవు. ఒక గిగాబైటు ఫైలు దిగడానికి మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. దీనిని మోసమని భ్రమపడేవారు మాకు తరచుగా తారసపడుతుంటారు. రెండవది, నిజంగా ఎంత వేగం అవసరమన్నది. వీడియో కాల్‌కు రెండు మెగాబిట్లు, స్పష్టమైన వీడియో పాఠానికి ఐదు మెగాబిట్లు సరిపోతాయి. భారత ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండు అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని 512 కిలోబిట్ల నుండి 2 మెగాబిట్లకు పెంచినది 2023 జనవరిలోనే. మన రాష్ట్రంలో విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి ఏర్పరచిన ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసినప్పుడు, 149 రూపాయల ప్యాకేజీలో ఇస్తామన్నది 15 మెగాబిట్లు. ఐదారుగురున్న కుటుంబానికి 40 మెగాబిట్లు సక్రమంగా అందితే ధారాళమే. సక్రమంగా అందుతున్నాయా అన్నదే ప్రశ్న.

ప్రొద్దుటూరులో మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. పెద్ద కుమారుడు కువైట్‌లో డ్రైవరు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అతడు పని ముగించుకుని రాత్రి ఎనిమిదికి కాల్ చేస్తే ఇక్కడ పదిన్నర అవుతుంది. తల్లి ఆ వేళ వరకు మేలుకుని కూర్చుంటుంది. "హజ్రత్, ప్లాను పెంచినా వాడి ముఖం ముక్కలు ముక్కలుగానే వస్తోంది. మాట సగం వినబడి సగం పోతోంది. బాగున్నావా అని అడిగితే ఏం చెప్పాడో కూడా తెలియడం లేదు" అని ఆమె మాతో వాపోయింది. 40 మెగాబిట్ల ప్లానును 100కు మార్చి అప్పటికి మూడు నెలలైంది. రెండవ కుమారుడేమో కనెక్షనే మార్చివేద్దామని పట్టుబట్టాడు.

మా పూర్వ విద్యార్థి ఒకడు కంప్యూటరు పని తెలిసినవాడు. అతడిని వెంటబెట్టుకుని వెళ్ళాము. అతడు మొట్టమొదట ఫోను బయటికి తీయలేదు. లాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా రౌటరుకు కలిపి, ఇంట్లోని మిగతా ఫోన్లన్నిటికీ వైఫై ఆపించి, అప్పుడు పరీక్ష చేశాడు. ఈ వరుస చాలా ముఖ్యం. వైఫై మీద పరీక్ష చేస్తే తీగలో లోపమో గాలిలో లోపమో తేలదు. తీగ మీద 94 మెగాబిట్లు వచ్చాయి. అంటే ఆపరేటరు ఇస్తానన్నది ఇస్తున్నాడు. 100 మెగాబిట్ల పోర్టు గల రౌటరులో 94 అన్నది లోటు కాదు, ఆ పోర్టు ఇవ్వగల గరిష్ఠం దాదాపు అంతే. (200 మెగాబిట్ల ప్లాను తీసుకుని 94 దగ్గరే ఆగిపోతున్నవారు రౌటరు పోర్టును, లాన్ తీగను చూసుకోవాలి. తీగలోని నాలుగు జతలలో ఒక్కటి తెగినా వేగం 100కు పడిపోతుంది.) ఆ తరువాత ఫోనుతో గదిగదికీ తిరిగి కొలిచాడు. తల్లి కూర్చునే వెనుక గదిలో నాలుగు మెగాబిట్లు కూడా నిలకడగా రాలేదు.

కారణం కంటి ముందే ఉంది. పిల్లలు ముట్టుకోకుండా రౌటరును ఇనుప బీరువాలో పెట్టి తలుపు వేశారు. రేడియో తరంగాలకు ఇనుప పెట్టె చెరసాల వంటిది. దానికి తోడు అది పాత ఇల్లు, గోడలు నాపరాతివి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల బండతో కట్టిన ఇళ్ళు ఎండకు చల్లగా ఉంటాయి గాని, మందపాటి రాతి గోడ వైఫైని బాగా మింగివేస్తుంది. ఇళ్ళలోని రౌటర్లలో వైఫైకి సాధారణంగా రెండు తరంగాలుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను కొంత దాటగలదు, వేగం తక్కువ. పైగా మైక్రోవేవ్ ఓవెను, బ్లూటూత్, ఇరుగుపొరుగు రౌటర్లు అన్నీ ఆ దారిలోనే రద్దీ చేస్తాయి. ఆ తరంగంలో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్ళు మూడే, 1, 6, 11. పక్కవారిది 6 మీద ఉంటే మనది 1కి గాని 11కి గాని మార్చుకోవడం మేలు. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగమైనది, అయితే రెండు రాతి గోడలు దాటేసరికి దాని ప్రాణం పోతుంది. అదే గదిలో ఉన్నవారు 5ను, దూరంగా ఉన్నవారు 2.4ను వాడుకోవాలి.

రౌటరును ఇంటి నడుమ హాలులోకి, మనిషి తల ఎత్తుకు, గాలి తగిలే చోటికి మార్పించాడు. రేకుల కప్పు కింద, కిటికీ ఎండలో పెట్టకూడదు. మన జిల్లా ఎండలకు ఆ పెట్టె వేడెక్కి తనకు తానే ఆగి మళ్ళీ మొదలవుతుంది. వెనుక గదికి లాన్ తీగ లాగి మరో చిన్న రౌటరు అమర్చాడు. తీగ లేకుండా గోడకు తగిలించే రిపీటర్లు చవక. కాని ఒకే తరంగం మీద వినడం, పలకడం రెండూ చేసేవి వేగాన్ని సగానికి తగ్గిస్తాయి. ఒకసారి తీగ లాగే కష్టానికి ఓర్చుకుంటే పదేళ్ళు నిశ్చింత.

ఇంతా చేసినా ఆ రాత్రి కాల్‌లో మాట తెగుతూనే ఉంది. ఇక్కడ చాలామంది తప్పిపోయే విషయం ఉంది. పరీక్షలో కనబడే అంకెలు మూడు: డౌన్‌లోడు, అప్‌లోడు, పింగు. అందరూ మొదటిదే చూస్తారు. వీడియో కాల్‌లో మన ముఖం, మన మాట వెళ్ళేది అప్‌లోడులో. పింగు అంటే మనం పంపిన సంకేతం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. ఆ ఇంట్లో రాత్రి పదిన్నరకు అప్‌లోడు కుంచించుకుపోయి, పింగు ఎగసిపడుతోంది. వెతికితే ఇద్దరి ఫోన్లు ఆనాటి ఫోటోలను, వీడియోలను గూగుల్‌కు బ్యాకప్ చేస్తున్నాయి. వాకిటి సీసీ కెమెరా కూడా రికార్డింగును పంపుతోంది. బ్యాకప్‌ను ఆ వేళకు ఆపి, కెమెరా దృశ్య నాణ్యతను తగ్గించగానే మాట నిలకడ పడింది. మరుసటి నెల వారు తిరిగి 40 మెగాబిట్ల ప్లానుకే వచ్చారు.

వైఫై పాస్‌వర్డు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకరికి చెబితే వీధికంతా పాకుతుంది. రౌటరు పేజీలో ఎన్ని ఫోన్లు కలిసి ఉన్నాయో కనబడుతుంది. పొరుగింటి విద్యార్థికి మన ఇష్టంతో ఇవ్వడం పుణ్యకార్యమే. అందుకు రౌటరులో అతిథుల కోసం వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టే వీలుంది. అడగకుండా వాడుకోవడం మాత్రం పరాయి సొత్తును వాడుకోవడమే అవుతుంది. మన పిల్లలకు ఆ తేడా తెలియాలి.

ఇక తీగ మీదనే వేగం తక్కువగా ఉంటే? అప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకోవాలి. ఫజ్ర్ తరువాత, మధ్యాహ్నం, ఇషా తరువాత, మూడు రోజులపాటు కొలిచి తేదీతో, సమయంతో రాయాలి. కొలవడానికి ట్రాయ్ సంస్థ వారి మైస్పీడ్ యాప్ ఉంది, స్పీడ్‌టెస్ట్ ఉంది, ఫాస్ట్ డాట్ కామ్ ఉంది. స్పీడ్‌టెస్ట్ కొన్నిసార్లు మన ఆపరేటరు సొంత సర్వరునే ఎంచుకుంటుంది. అక్కడ అంకె అందంగా వస్తుంది. వేరే నగరం సర్వరు ఎంచుకుని మరోసారి చూడాలి. మొబైల్ డేటా మీద పరీక్షిస్తే ప్రతిసారీ చాలా డేటా ఖర్చవుతుందని గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామున బాగుండి రాత్రి పడిపోతుంటే అది రద్దీ. ఫైబరులో ఒకే తీగ వెలుగును 32 లేదా 64 ఇళ్ళకు పంచుతారు. ఆపరేటరు పైనుండి కొనే వేగం చాలకపోయినా ఇలాగే జరుగుతుంది. అన్ని వేళలా తక్కువైతే లోపం తీగలోనో పెట్టెలోనో ఉంటుంది. ప్లాను డేటా పరిమితి ముగిసిందేమో కూడా ముందే చూసుకోవాలి.

ఫైబరు గాజు. మేకుకు చుట్టి బిగించినా, తలుపు కింద నలిగినా వెలుగు కారిపోతుంది. పెట్టె మీద 'లాస్' అన్న చోట ఎర్ర దీపం వెలిగితే వెలుగు అందడం లేదని అర్థం. టెక్నీషియన్ దగ్గర పవర్ మీటరు ఉంటుంది. మైనస్ 15 నుండి మైనస్ 25 వరకు చూపితే ఫరవాలేదు, మైనస్ 27 దాటితే పెట్టె తడబడుతుంది. కోతుల బెడద ఉన్న చోట మరో చిక్కు. 2015లో వారణాసిలో గంగ ఒడ్డున వేసిన ఫైబరు తీగలను కోతులు కొరికివేసినట్లు వార్తలు వచ్చాయి. ఫైబరు చేరని కొండ పక్క పల్లెలలో మొబైల్ టవరే ఆధారం. అక్కడ కొండ అడ్డులేని వైపు కిటికీ దగ్గరో మిద్దె మీదో ఫోనునుంచి హాట్‌స్పాట్ ఇచ్చుకోవడమే ఉపాయం.

గల్ఫ్ కాల్స్ విషయంలో గండి కొన్నిసార్లు మన చేతికందని చోట పడుతుంది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జిద్దా సమీపాన సముద్రగర్భ కేబుళ్ళు తెగినప్పుడు భారతదేశంలోను, గల్ఫ్‌లోను ఇంటర్నెట్టు నెమ్మదించింది. అలాంటి రోజుల్లో ఇక్కడ రౌటరు మార్చి ప్రయోజనం లేదు. దుబాయిలో వాట్సాప్ కాల్స్ కలవకపోవడానికి కారణం అక్కడి ఆంక్షలు. ఆ దేశం అనుమతించిన బోటిమ్ వంటి యాప్‌లనే వాడాలి.

లోపం ఆపరేటరు వైపేనని నోటుపుస్తకం చెబితే మర్యాదగా, గట్టిగా ఫిర్యాదు చేయాలి. ఫోనులో చెప్పి వదిలేయకుండా డాకెట్ నంబరు అడిగి రాసుకోవాలి. అది వినియోగదారుని హక్కు. పరిష్కారం కాకపోతే అదే నంబరుతో ఆ సంస్థలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915. టెక్నీషియన్ వచ్చినప్పుడు పుస్తకంలోని అంకెలు చూపించి, అతడు మరమ్మతు చేసి గడప దాటకముందే లాన్ తీగతో మరోసారి కొలిపించి, ఆ అంకెను కూడా తేదీ వేసి రాసుకోవాలి.