కాపీ ఉందిలే... అనుకున్నాం!

ఉదయం ఎనిమిదింటికి పాపకు జడ వేస్తుంటే ఫోను. "మేడమ్, బిల్లింగ్ తెరుచుకోవట్లేదు!"

నేను పనిచేసే ఆస్పత్రిలో కంప్యూటర్ల బాధ్యత నాది. వెళ్లి చూస్తే సర్వర్‌లో డిస్కు పోయింది. అయినా కంగారుపడలేదు. రోజూ రాత్రి బ్యాకప్ దానంతటదే అవుతోంది కదా! తీరా తెరిచి చూస్తే పందొమ్మిది రోజులుగా అన్నీ ఖాళీ ఫైళ్లే. కాపీలు దాచే డిస్కు ఎప్పుడో నిండిపోయింది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిల్ ఉద్యోగం మానేసిన ఒకాయనకు వెళుతోంది.

కాగితాలు ముందేసుకుని బిల్లులన్నీ మళ్లీ ఎక్కించాం. ఓ గర్భిణి రక్తపరీక్ష రిపోర్టు మాత్రం దొరకలేదు. మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. నాకే తలెత్తి చూడబుద్ధి కాలేదు.

ఇలాంటిది పెద్దవాళ్లకూ తప్పలేదు. 1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' సినిమా ఫైళ్లు పొరపాటున చెరిగిపోయాయి. బ్యాకప్ చూస్తే అదీ సరిగ్గా లేదు. అక్కడ పనిచేసే గాలిన్ సుస్మన్‌కు అప్పట్లో చంటిబిడ్డ. ఇంటినుంచి పనిచేసుకోవడానికి సినిమా కాపీ తన కంప్యూటర్లో పెట్టుకున్నారు. దాన్నే దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా ఆఫీసుకు తెచ్చారు! 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ సంస్థలోనూ అంతే. అసలు డేటా చెరిగాక చూస్తే రోజువారీ బ్యాకప్‌లు పనిచేయడం లేదు. ఆరు గంటల కిందటి కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు.

అప్పుడు తెలిసింది నాకు... కాపీ తీయడం సగం పనే. దాన్ని తిరిగి ఎక్కించి చూస్తేనే పని పూర్తయినట్టు.

ఇప్పుడు మా దగ్గర ఓ పాత కంప్యూటర్ని ఇందుకే కేటాయించాం. ప్రతి ఆదివారం తెల్లవారుజామున చిన్న ప్రోగ్రాం ఒకటి బ్యాకప్‌ను అందులోకి ఎక్కించి, బిల్లుల సంఖ్య, చివరి బిల్లు తేదీ సరిచూస్తుంది. ఆ కంప్యూటర్‌కు ఆస్పత్రి నెట్‌వర్కుతో సంబంధం లేదు. ఉంటే, పరీక్ష కోసం లేపిన నకలు తానే అసలనుకుని పేషెంట్లకు మెసేజ్‌లు పంపేయగలదు! బ్యాకప్ డిస్కును చదవగలదేగానీ దానిమీద ఏమీ రాయలేదు. సోమవారం వెళ్లగానే తెరమీద 'సరే' అన్న మాట, ఆదివారం తేదీ కనిపించాలి. కనిపించకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

మూడు నెలలకోసారి పెద్ద రిహార్సల్. అదీ నేను చేయను. మా జూనియర్ అమ్మాయి కాగితం మీద రాసిపెట్టిన వరుస చూసుకుంటూ, విడి డిస్కు బిగించి, మొత్తం నిలబెట్టాలి. మొదటిసారి ఏడు గంటలు పట్టింది. ఎందుకంటారా? కావలసిన పాస్‌వర్డ్ నేను దాచింది ఆ పోయిందనుకున్న సర్వర్‌లోనే! ఇద్దరం నవ్వుకున్నాం. అదే నిజంగా జరిగిననాడైతే నవ్వేవాళ్లమా? ఇప్పుడు రెండు గంటల్లోపే అవుతోంది.

మీ ఫోన్లో పిల్లల ఫొటోలున్నాయి కదూ? కాపీ ఉందిలే అనుకోకండి. ఈ ఆదివారం ఆ కాపీలోంచి పాత ఫొటో ఒక్కటి వేరే ఫోన్లో తెరిచి చూడండి. తెరుచుకుందా... హాయిగా కాఫీ తాగండి. లేదంటే, ఇవాళే తెలిసింది కదా, మంచిదే!